కొప్పులో చిక్కిన పావురం

చెల్లాయికి దీవెనలు.

మీ వదిన నా మీద అలిగింది. తప్పు నాది కాదు, కళ్లజోడుది.

నిచ్చెన మీంచి పడి వెన్ను దెబ్బతిన్నప్పటి నుంచి నా కాళ్లు పలకడం లేదని నీకు తెలుసు. కూర్చోబెడితే ఒరిగిపోతానన్న భయంతో మంచం కడ్డీ వదిలేవాణ్ణి కాదు. నిన్న వ్యాయామం చేయించే అమ్మాయి నా కళ్లకు వీడియో ఆటలు చూపించే డబ్బాలాంటి కళ్లజోడు కట్టింది. అందులో చూస్తే ఆకాశం నిండా పావురాలే! "పట్టుకోండి" అంది. ఎగబడి పట్టుకున్నాను. చేతికి చిక్కింది ఎదురుగా వంగి దుప్పటి సర్దుతున్న మీ వదిన కొప్పు!

"చాల్లే సంబడం, వదలండి!" అని ఆవిడ కేక. ఆ అమ్మాయేమో నవ్వుతూ, "మరి కడ్డీ ఎవరు పట్టుకున్నారండీ?" అంది.

కళ్లజోడు తీసి చూస్తే నా రెండు చేతులూ కొప్పులోనే ఉన్నాయి. ఏ ఆసరా లేకుండా కూర్చున్నాను! మీ వదిన అరవడం మానేసి ఏడ్చింది. జుట్టు నొప్పికేనని ఇప్పటికీ బుకాయిస్తోంది.

కాళ్లింకా కదల్లేదు, అబద్ధం చెప్పను. కానీ ఆదివారం నీ పసిదాన్ని తీసుకురా. పడేస్తానేమోనని ఇన్నాళ్లూ నేనే వద్దన్నాను. దాన్ని నా ఒళ్లో పడుకోబెట్టి, నువ్వు కాసేపు పక్క గదిలో నిద్రపో.

మీ అన్నయ్య