బొజ్జోడి గింజలు

అమ్మాయీ,

నీ ఎలుకకి పొద్దుటి మందు వేశాను. సాయంత్రం మందు చుక్క అరటిపండు గుజ్జులో కలిపి నువ్వు పెట్టు. ఎత్తేటప్పుడు పొట్ట నొక్కకు. అది కొవ్వు కాదట. రక్తానికి క్యాన్సర్ వచ్చి ప్లీహం ఉబ్బిందని పశువుల డాక్టరు చెప్పాడు.

"పొట్ట గట్టిగా ఉంది నాన్నా" అని నువ్వు మొత్తుకుంటుంటే, బొజ్జోడని వెక్కిరించి, పది రోజులు గింజలు సగానికి తగ్గించింది నేనే. రోగం దానివల్ల రాలేదని డాక్టరు అన్నాడు. ఆకలి మాత్రం నా వల్లే కదా. మీ అమ్మ ఉంటే నన్ను ఆ గింజల డబ్బా ముట్టనిచ్చేది కాదు. ఇక అడిగినంత పెట్టు.

నాన్న

తా.క. బోను తలుపు తీస్తే వాడు ఇంకా నా చేతిలోకే పరిగెత్తుకొస్తున్నాడు. ఒక్కసారి కరిచినా బాగుండేది.