కళ్లంలో నాటిన గాలి స్తంభం గురించి

తాలూకా తహసీల్దారు గారి సముఖమునకు,
బూదికోట దగ్గరి పల్లె రైతు, మాజీ గని కార్మికుడు దొడ్డమునియప్ప వ్రాసుకొన్న అర్జీ.

తేదీ: 21-1-2019

విషయం: నా కళ్లంలో గాలి కొలిచే స్తంభం నాటి, కంచె వేసి, రాగులు తూర్పారబట్టుకోనివ్వకపోవుట గురించి.

అయ్యా,

1. పోయిన సంవత్సరం ఇదే నెలలో గాలి కరెంటు కంపెనీ ఇంజనీరు ఒకరు మా ఊరికి వచ్చి, ఇక్కడ గాలి ఎక్కడ బాగా వీస్తుందని విచారించారు. నేను బుద్ధి తక్కువై ఆయనను మిట్ట మీది నా కళ్లానికి తీసుకుపోయి, చేటతో రాగులు ఎత్తిపోసి చూపించాను. పొట్టు ఎంత దూరం పోయిందో ఆయన టేపు పెట్టి కొలుచుకున్నారు. మరుసటి నెలలో సరిగ్గా అక్కడే స్తంభం లేచింది. పంట చేతికి వచ్చేలోపల తీసేస్తామని నోటిమాటగా చెప్పారు, కాగితం ఇవ్వలేదు.

2. ఈ ఏటి రాగులు నూర్చి కుప్ప పోశాము. కంచెకు తాళం ఉంది. ఆ కళ్లంలో ఆరు ఇళ్లవాళ్లు వంతులవారీగా తూర్పారబట్టడం వాడుక. ఆరిళ్లవాళ్లూ నన్నే తిడుతున్నారు. నా భార్య సొన్నమ్మ అయితే, "నిన్నెవరు గాలి చూపియ్యమన్నారయ్యా? ఇంగ యాడ పోసుకునేది?" అని అన్నం పెట్టేటప్పుడు కూడా వదలడం లేదు.

3. దేశంలో పుట్టే కరెంటు వంద యూనిట్లయితే అందులో నాలుగు గాలివేనని ఇంజనీరు చెప్పారు. ఆ నాలుగు ఎవరు లెక్కపెట్టారు? వాటిలో మా పల్లెకు ఎన్ని? అడిగితే అంతా గ్రిడ్డులో కలిసిపోతుందన్నారు. నేను బంగారు గని మూసేదాకా ఇరవై రెండేండ్లు భూమి కింద పనిచేశాను. అక్కడ తీసినది కూడా ఎక్కడో కలిసిపోయింది. గనులకు కరెంటు మా తాత చిన్నప్పుడే వచ్చింది. మా ఇంట్లో బల్బు వెలిగేసరికి నాకు పెళ్లి కూడా అయిపోయింది. కొలతలకు వచ్చేవాళ్లంటే నాకు భయమయ్యా.

4. గత్యంతరం లేక తారు రోడ్డు మీద తూర్పారబడుతున్నాము. అక్కడ బేతమంగళ బస్సు పోయినప్పుడు తప్ప గాలి లేదు. ఆ బస్సు రోజుకు మూడుసార్లు.

కావున తమరు దయతో చిత్తగించి, ఆ తాళం తీయించి, స్తంభం కింది కొలతల పెట్టెలో ఏమి నమోదైనదో మాకు చదివి వినిపించవలెను.

తమ విధేయుడు,
దొడ్డమునియప్ప

మరొక మనవి: ఇది తపాలాలో వేసేలోపల ఇంజనీరు ఫోన్ చేశారు. స్తంభం పీకేస్తారట. మా ఊరి గాలి కంపెనీకి చాలదని పెట్టె చెప్పిందట. ఈ మాట అప్పుడే బూదికోట చేరింది. అక్కడి టీ అంగట్లో ఆ ఊరి గంగప్ప పదిమంది ముందర, "మీ ఊర్లో గాలి కూడా లేదంట కదప్పా!" అని నవ్వినాడు. అయ్యా, వాళ్లు కావాలనే తక్కువ వ్రాసుకున్నారు. కంచె ఇంకొక సంవత్సరం ఉన్నా ఓర్చుకుంటాను. తమరు దగ్గరుండి మా గాలిని మళ్లీ కొలిపించవలెను.