పెద్దక్షరాల పదకొండు మంది

ఫిబ్రవరి 9, సోమవారం

కొత్త కంప్యూటర్ వచ్చింది. మా ఆసుపత్రిలో ఊపిరి టెస్ట్ మెషీన్‌కి ఇన్నేళ్లూ తగిలించి ఉన్న విండోస్ 98 డబ్బా ఇవాళ్టితో రిటైర్. కర్నూలు నుంచి వచ్చిన సర్వీసాయన దాని హార్డ్ డిస్క్ ఊడదీసి కొత్తదానికి తగిలించి, చూసుకోండి మేడమ్, ఒక్క ఫైలూ పోలేదు అన్నాడు. నిజమే, ఏదీ పోలేదు. కానీ లిస్ట్ ముందులా లేదు.

టెస్ట్ చేయించుకున్న ఒక్కొక్కరి పేరుతో ఒక ఫైలు, రెండు వందల పైచిలుకు పేర్లు. పాతదాంట్లో అన్నీ ఒకేలా కనపడేవి. మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి. ఇందులో పదకొండు పేర్లు మొత్తం క్యాపిటల్స్‌లో ఉన్నాయి.

వైరస్ అయితే బాగుండు. ఇంత దిక్కుమాలిన కోరిక నాకెప్పుడూ కలగలేదు.

నాకు ముందు ఇక్కడ పనిచేసిన యేసుప్రసాద్ అన్న, పోయిన ఏప్రిల్‌లో పని అప్పజెబుతూ ఒక్క మాట గట్టిగా చెప్పాడు. ఊపిరి బాగా తగ్గినోళ్ల పేరు అంతా క్యాపిటల్స్‌లో కొట్టినానమ్మా, వాళ్లను ఆర్నెల్లకు నువ్వే పిలవల్ల, మళ్లా టెస్ట్ చేయందే దుమ్ము పనికి పోనీగూడదు అని. ఆర్నెల్లకు చూశాను. క్యాపిటల్స్‌లో ఒక్కరూ లేరు. డాక్టర్ సారుకు అదే చెప్పాను. మంచిదే అన్నారు. నేను చేరాక వచ్చినవాళ్ల సంగతి సారే కాగితం మీద రాసుకుంటారు కాబట్టి ఆ లిస్ట్ మళ్లీ ఎవరూ చూడలేదు.

సాయంత్రం 5

ఆలూరులో ఉన్న యేసుప్రసాద్ అన్నకు ఫోన్ చేశాను. ఆ పాత ఎక్స్‌ప్లోరర్‌కు అదొక రోగమమ్మా అన్నాడు. అంతా క్యాపిటల్స్‌లో ఉన్న చిన్న పేరు కనపడితే, మొదటి అక్షరం వదిలి తక్కినవి చిన్నవి చేసి చూపిస్తుందట. పేరు లోపల మారదు, చూపించడమే అట్లా. ఉన్నది ఉన్నట్టు చూపించమని ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఒక టిక్కు ఉంటుంది. ఆయన దాన్ని పెట్టుకున్నాడు. మేలో పిడుగు పడి, విండోస్ మళ్లీ ఎక్కించినప్పుడు ఆ టిక్కు పోయింది.

తర్వాత మెల్లగా, అయితే ఎవుర్నీ పిలవలేదా షాహనా అని అడిగాడు. ఫోన్ కట్ చేశాను.

ఫిబ్రవరి 10

పదకొండు మందిలో మారెన్న ఉన్నాడు.

ఫిబ్రవరి 11

రాసేస్తాను. ఎక్కడో ఒకచోట చెప్పకపోతే పిచ్చెక్కేలా ఉంది.

మారెన్నది వేంపల్లె దగ్గర పలుగురాయి పొడిచేసే మిల్లులో పని. పోయిన ఆగస్టులో భార్య సోమక్కతో కలిసి వచ్చాడు. ఈడ పనిచేసే అన్న మిల్లుకు పోవద్దన్యాడు, నాలుగు నెలలాయ, ఇంగ పోవచ్చునా అని అడిగాడు. పోగూడదంటే గొర్రెలు కొనుక్కుందామనుకుంటాండామమ్మా, నువ్వెట్ల చెప్తే అట్ల అని సోమక్క అంది. అప్పుడు ఒంటిగంట దాటింది. నాకు ఆకలేస్తోంది. లిస్ట్ తెరిచి, మానిటర్ అటు తిప్పి, చూడన్నా, నీ పేరు కూడా అందరి పేర్లలాగే ఉంది, నీకేం కాలేదు అన్నాను. టెస్ట్ చేయడానికి పది నిమిషాలు పట్టేది.

వాళ్లు నా చేతులు పట్టుకుని దండం పెట్టినంత పని చేశారు. వారం తర్వాత సోమక్క సంచెడు వేరుసెనక్కాయలు పంపింది. మేం ఉడకబెట్టుకుని తిన్నాం.

ఫిబ్రవరి 12

ఫైలు పేరు మార్చే F2 నొక్కాను. MARENNA తీసేసి Marenna అని కొట్టాను.

మిగతా పది మందితో నేనేమీ అనలేదు, వాళ్ల నెపం పాత డబ్బా మీద పోతుంది. ఇతన్ని మాత్రం నా నోటితో నేనే పంపాను. అందుకే మార్చాను.

ఫిబ్రవరి 13

డాక్టర్ సారుకు పది పేర్లు చూపించాను. పాత మెషీన్ చేసినదానికి నువ్వేం చేస్తావమ్మా, వెంటనే అందరినీ పిలువు అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

రాత్రి అన్నం ముందు కూర్చుంటే, కంచం ఈడ పెట్టుకోని చూపులు యాడ పెట్టినావే అని అమ్మ అడిగింది. ఎసిడిటీ అన్నాను.

ఫిబ్రవరి 16

తొమ్మిది మంది వస్తామన్నారు.

పదో ఫోన్ ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఆయప్ప లేడమ్మా, దీపావళి ముందరే పాయ, మీరు ఎవురు అని అడిగింది. రాంగ్ నంబర్ అన్నాను.

రాంగ్ నంబర్ అన్నాను!

ఫిబ్రవరి 17

పొద్దున్నే వెళ్లి మారెన్న పేరు మళ్లీ క్యాపిటల్స్ చేశాను. సారు ముందు నిలబడి మొత్తం చెప్పాను. ముందు అతన్ని తీసుకురా పో, నీ సంగతి తర్వాత అన్నారు. వేంపల్లె బస్సెక్కాను. దారి పొడుగునా, అతను మిల్లు మానేసి ఉండాలని మొక్కుకుంటూనే ఉన్నాను.

మానలేదు. మిల్లు గేటు దగ్గరికి వచ్చాడు. కనుబొమ్మలతో సహా రాతిపొడి పట్టి తెల్లగా ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయి దగ్గాడు. ఏమమ్మా, ఇంత దూరం వస్తివే అన్నాడు. చెప్పాను. కంప్యూటర్ తప్పుగా చూపించిందని, నేను టెస్ట్ చేయకుండానే పంపానని, ఐదు రోజుల కింద అతని పేరు మార్చి దాచానని కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. నా పేరు ఎట్లుండాదో రాసి చూపియ్యమ్మా అన్నాడు. బస్ టికెట్ వెనక రెండు రకాలుగా రాశాను. చదువు రాని మనిషి, దాన్ని ఎండకు పట్టి చూశాడు.

రెండూ ఒకటి గాదు గదమ్మా, నాకే తెలుస్తాండాది అన్నాడు.

అతని వెనకే గేటు దాకా వచ్చిన సోమక్క రేపొద్దు పిలుచుకొస్తానంది.

ఫిబ్రవరి 18

మారెన్న ఊదాడు. గాలి అందలేదు, మళ్లీ ఊదమని మెషీన్ అంది. మూడుసార్లూ అదే అంది.

గొట్టం లీకేమో అని నేను ఊది చూశాను. నాది మొదటిసారికే తీసుకుంది.