తోడేలు బొరియ ఎక్కడుందో చెప్పేశాను

సత్యానందం బావా,

ఇరవై ఏళ్లుగా మైకు పట్టుకుని గొంతు చించుకుంటున్న నా ముందు కునికే జనం, నీ తోడేలు కథకి నోరు తెరుచుకుని కూర్చుంటే నాకెలా ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?

నువ్వు నాలా పాస్టరువి కావు, అటవీ శాఖ మనిషివీ కావు. జూట్ మిల్లులో షిఫ్టు దిగి, గొర్రెల మంద కట్టిన పొలాలకి సైకిలు మీద వెళ్లి కథ చెబుతావు, అంతే. మొన్న కాపరి మార్తమ్మ నా మొహం మీదే అంది: "అయ్యగారూ, తవరు సెప్తే బయమేస్తాది. మీ బావ సెప్తే ఆ తల్లి తోడేలు మీద జాలొస్తాది." తమ్ముడి మీద అసూయతో కయీనుకి రేగిన మంటే నాలోనూ రేగింది.

అందుకే నిన్న ఆరాధనలో తోడేలే సాతానన్నాను. జలప్రళయంలో దేవుడు జీవాలన్నిటినీ కాపాడిన నోవహు ఓడలో దానికీ చోటుందని తెలిసీ ఆ మాట మింగేశాను. నన్ను నమ్మి నువ్వు చూపించిన బొరియ ఎక్కడుందో కూడా చెప్పేశాను. మొదటిసారి ఎవరూ కునకలేదు.

ఈ సాయంత్రం కాపర్లు ఆ బొరియకి పొగ పెడతారట. లోపల నాలుగు కూనలు. పొద్దున్నే వెళ్లి వద్దన్నాను. "నిన్న సాతానన్నారు, ఇయ్యాల వద్దంటారేటి?" అని వాళ్లలో దానియేలు నవ్వాడు.

మిల్లులో ఫోను ఎత్తవు కాబట్టి నీ చెల్లెలి చేతే ఇది గేటుకి పంపుతున్నాను. వాళ్లు నీ మాటే వింటారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ మండుతోంది బావా. మండనీ. నేను బొరియకి అడ్డంగా కూర్చుంటాను. నువ్వు సగం షిఫ్టులోనే దిగి, ఇవాళే, ఇప్పుడే సైకిలెక్కు.