బాయిలర్‌లో రాళ్ళు

ఫిబ్రవరి 4, ఆదివారం

ట్యాంక్ వచ్చింది. మూడడుగుల గాజు తొట్టి, సగం దాకా రాళ్ళు, రెండు కోరల్స్, బతికున్న పగడాలు. మా వాటర్ ల్యాబ్ సూపర్‌వైజర్ మేడమ్ ఊరు మారుతున్నారు. ల్యాబ్‌లో ఎవరికిచ్చినా నెల తిరక్కుండా చంపేస్తారు, నువ్వయితే రోజూ టెస్ట్ చేస్తావు అన్నారు. ఆ మాటకి ఇంకా గాల్లో తేలుతున్నాను.

ముందు గదిలో ఇస్త్రీ బల్ల పక్కన పెట్టాం. నలుగురు మోశారు. ఉప్పునీళ్ళలో రాళ్ళు పెంచడానికా ఇంత చదువూ అన్నాడు నాన్న. అవి రాళ్ళు కావు, ప్రాణులు, ఒంటి కింద సున్నపు ఎముక కట్టుకుంటాయి అని చెప్పాను. సున్నమయితే గోడకి వేద్దాం అన్నాడు.

వెళ్ళేముందు మేడమ్ ఒక మాట రెండుసార్లు చెప్పారు. రాళ్ళ మీద గోధుమరంగు బొత్తాల్లాంటివి ఉన్నాయి, వాటిని ఉత్త చేతులతో ముట్టుకోవద్దని. గ్లవ్స్ పెట్టె కూడా ఇచ్చారు. మాది లాండ్రీ. మా చేతులకి ఎప్పుడూ సబ్బు ఉంటుంది, దాంతో నీళ్ళు పాడవుతాయని ఆవిడ భయం కాబోలు అనుకున్నాను. కొంచెం చిన్నతనంగా అనిపించింది. ఎందుకని అడగలేదు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

ఆల్కలినిటీ 8.2. కాల్షియం 420. టెంపరేచర్ 25.5. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

ఒకటి హామర్ కోరల్. వేళ్ళన్నీ చాచి పంపు తోసే నీళ్ళకి ఊగుతూ ఉంటుంది. రెండోది బ్రెయిన్ కోరల్, అచ్చం మెదడు మడతలే. రెండూ కొత్తవాళ్ళకి తేలికని మేడమ్ ఇచ్చారు. నాన్నకి పేరు చెబితే తెగ నవ్వాడు. ఈ ఇంట్లో ఇన్నాళ్ళూ ఒక్క మెదడే ఉండేది, పాపం దానికి తోడు దొరికింది అన్నాడు. అమ్మ ఇస్త్రీపెట్టె ఆపి మరీ చూసింది, ఆ ఒక్కటీ నీదా ఏంటి అని.

ఫిబ్రవరి 18, ఆదివారం

నాన్న పొద్దున్నే కుర్చీ వేసుకుని ట్యాంక్ ముందు కూర్చుంటున్నాడు. హోటల్ దుప్పట్ల మూట విప్పకుండా అరగంట. హామర్ కోరల్ తనని గుర్తుపడుతోందట.

గోధుమరంగు బొత్తాలు పెరిగాయి. మొదట ఇరవయ్యో ముప్ఫయ్యో ఉండేవి. ఇవాళ లెక్కపెట్టలేకపోయాను.

ఫిబ్రవరి 25, ఆదివారం

బ్రెయిన్ కోరల్ అంచు మీదకి ఎక్కేశాయి. ఎక్కిన చోట కండ పోయి తెల్లటి ఎముక కనిపిస్తోంది. టెస్టులన్నీ రెండుసార్లు చేశాను. అంకెలు అద్భుతంగా ఉన్నాయి. కోరల్ చచ్చిపోతోంది.

ఫిబ్రవరి 29, గురువారం

ఇంకో రెండు మడతలు పోయాయి. మేడమ్‌కి ఫోన్ చేద్దామనుకుని మానేశాను. నెల తిరక్కుండా చంపేస్తారు అన్న మాట నా గురించి కాకూడదు.

మార్చి 2, శనివారం

ల్యాబ్‌లో లంచ్ టైమ్‌లో నెట్‌లో వెతికాను. రాయిని ఉడకబెడితే దాని మీద ఉన్నదంతా చస్తుంది అని ఒకాయన రాశాడు. చాలు. కింద ఇంకా చాలామంది ఏవో రాశారు. బెల్ కొట్టారు, చదవలేదు.

ఇంటికొచ్చి చెప్పగానే నాన్న మొహం వెలిగిపోయింది. ఉడకబెట్టడమా, అది మా పనే కదా తల్లీ, ముప్ఫయ్యేళ్ళుగా చేస్తున్నదేగా అన్నాడు. అమ్మకి నచ్చలేదు. బతికున్నవాటిని బట్టలుడికే దాంట్లో వేస్తారా, నాకేదో బాగా అనిపించడం లేదు అంది. సైన్స్‌లో బాగుండటం, బాగుండకపోవటం ఉండదన్నాను.

మార్చి 3, ఆదివారం, మధ్యాహ్నం 2

కోరల్స్ రెంటినీ వేరే తొట్టిలో పెట్టి, పంపూ హీటరూ అందులోకి మార్చాను. వెనక షెడ్‌లో నాన్న బాయిలర్ వెలిగించాడు. సగం రాళ్ళే పట్టాయి. మిగతావి బకెట్లో ఉన్నాయి. వాన జల్లు లోపలికి కొడుతోందని షెడ్ తలుపు వేసుకున్నాడు. నేను వెళ్ళేసరికి ఆవిరిలో మనిషి కనపడలేదు. కర్రతో రాళ్ళని కలుపుతున్నాడు, దుప్పట్లని కలిపినట్టు. అలవాటు కొద్దీ ఒక మూత బ్లీచ్ కూడా వేశాడు. కోరల్స్‌కి పడదని కసిరాను. బిక్కమొహం వేశాడు. వచ్చేశాను.

రాళ్ళు తెల్లగా వచ్చాయి.

అదే రోజు, సాయంత్రం 6

నాన్న కాఫీ చేదుగా ఉందన్నాడు. కాఫీ కాదు, నోరే, ఇనుప మేకు చప్పరిస్తున్నట్టుంది అన్నాడు. వణుకుతున్నాడు. దగ్గు ఆగడం లేదు. నాకు కూడా గొంతు గరగరలాడుతోంది.

మార్చి 4, సోమవారం

నిన్న ఏడింటికి హాస్పిటల్లో చేర్చాం. డాక్టరు ఏం పీల్చాడని అడిగారు. బ్లీచ్ ఆవిరి అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అదే. నాన్న తల ఊపాడు. నాదే బుద్ధితక్కువ, మా అమ్మాయి వద్దంటూనే ఉంది అన్నాడు. డాక్టరు రాసుకున్నారు.

పొద్దున మేడమ్‌కి ఫోన్ చేశాను, కోరల్స్ సంగతి అడుగుదామని. రాళ్ళు ఉడకబెట్టానన్నాను. ఆ ఆవిరి ఎవరూ పీల్చలేదు కదా, ముందు అది చెప్పు అన్నారు. ఆ బొత్తాల్లో విషం ఉంటుందట. ముట్టుకుంటేనే ప్రమాదం. ఉడకబెడితే ఆవిరిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. గుండెని పట్టుకుంటుంది, కండరాలని కరిగిస్తుంది. విరుగుడు లేదు. వెంటనే డాక్టరుకి చెప్పు అన్నారు. గ్లవ్స్ ఎందుకిచ్చాననుకున్నావమ్మా అన్నారు.

గ్లవ్స్ పెట్టె ఇంకా తెరవలేదు.

మార్చి 5, మంగళవారం

చెప్పలేదు.

డాక్టరు రౌండ్స్‌కి వచ్చినప్పుడు అడిగితే చెబుదామనుకున్నాను. ఆయన అడగలేదు. చుట్టూ అమ్మ, నర్సు, పక్క బెడ్ ముసలాయన. మా ఇంట్లో కరెంటు బిల్లు దగ్గర్నుంచి మందుల చీటీ దాకా నేను చదివి చెప్పిందే వేదం. నేను చెప్పినదాని వల్లే నాన్న ఇలా పడుకున్నాడని వాళ్ళ ముందు నా నోటితో ఎలా అనను.

కాళ్ళు పీకుతున్నాయని నాన్న గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నాన్న ఏడవడం ఎప్పుడూ చూడలేదు.

మార్చి 6, బుధవారం

చెప్పాను. ఇంగ్లీష్‌లో.

నాన్న మంచం పక్కనే నిలబడి డాక్టరుకి అంతా చెప్పాను. I told him to boil it. It was my mistake, not bleach. మాట తడబడలేదు. అమ్మ నా మొహం వైపూ డాక్టరు మొహం వైపూ మార్చి మార్చి చూసింది. ఆయన ఫోన్‌లో ఏదో చదివి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని ఇంగ్లీష్‌లోనే అడిగారు. రక్తం తీశారు. గుండెకి మానిటర్ పెట్టారు. గంటలో నాన్నని ఐసీయూకి మార్చారు. కండరాలు కరిగి రక్తంలోకి వస్తున్నాయట, కిడ్నీలు ఆగిపోకుండా సెలైన్ ఎక్కించాలట. నిన్ననే ఎక్కించాల్సింది అన్నారు.

స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే నాన్న పక్క బెడ్ ముసలాయనకి చెబుతున్నాడు, రొప్పుతూ. చూశారా, మా చదువులమ్మ ఇంగ్లీష్‌లో దంచేసరికి పెద్ద వార్డు ఇచ్చారు అని.

ఏమన్నావే అని అమ్మ కారిడార్లో అడిగింది. మంచి మందులు ఇమ్మన్నాను అన్నాను.

మార్చి 7, గురువారం

నాన్న అలాగే ఉన్నాడు. గాజు తలుపులోంచి చూడనిస్తున్నారు. ఉచ్చ టీ డికాషన్ రంగులో వస్తోంది. ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు.

స్నానం చేసి, కాస్త పడుకుని వస్తానని అమ్మ ఇంటికి బయల్దేరింది. హోటల్ వాళ్ళు దుప్పట్ల కోసం రెండుసార్లు ఫోన్ చేశారట. బాయిలర్ వెలిగించొద్దన్నాను. ఎందుకంది. చుట్టూ జనం. బ్లీచ్ వాసన ఉంటుందమ్మా, ఒక్క రోజు గాలి తగలనియ్యి, బాగా కడుగు అన్నాను. సరే అంది. నా చెంప నిమిరింది. నువ్వు లేకపోతే మేం ఏమైపోయేవాళ్ళమే అంది.

ఆదివారానికల్లా అన్నీ చెప్పేస్తాను. నాన్న ఐసీయూ నుంచి బయటికి రాగానే. ఇద్దరికీ ఒకేసారి.

మార్చి 8, శుక్రవారం, ఉదయం 11:20

టాక్సీలో.

పది గంటలకి నాన్న కళ్ళు తెరిచాడు. గండం గడిచినట్టే అన్నారు డాక్టరు. ఆ మాట చెబుదామని అమ్మకి ఫోన్ చేశాను. నీకూ ఒక మంచి మాట అంది. నేను చెప్పినట్టే నిన్నంతా ఆగిందట. బాయిలర్‌ని మూడు నీళ్ళతో కడిగిందట. నాన్న వచ్చేసరికి ట్యాంక్ సిద్ధంగా ఉండాలని, బకెట్లో మిగిలిన రాళ్ళు కూడా ఉడకబెట్టేసిందట. బ్లీచ్ ఒక్క చుక్క వెయ్యలేదట.

ఇంట్లోంచి బయటికి వచ్చేయమన్నాను. ఎందుకే అని నవ్వింది. నవ్వు దగ్గులోకి మారింది.

చెప్పాను. తెలుగులో చెప్పడానికి నాలుగు మాటలు కూడా పట్టలేదు.

లైన్ కట్ అయింది. అప్పటి నుంచి చేస్తూనే ఉన్నాను. రింగవుతోంది.