ర్యామ్‌కి పెట్టిన బొట్టు

గుడివాడ, బుధవారం

నాన్నగారికి దుర్గ నమస్కారాలు. పాత కంప్యూటర్ కొని మోసపోయానని బెంగపెట్టుకోకండి, అది బాగానే ఉంది. మెమరీ పెంచడానికి అదనంగా వేసిన రెండు ర్యామ్ ముక్కల్నీ మొదట అది గుర్తించలేదు. స్లాట్లు మార్చి మార్చి చూశాను. చివరికి ఊడదీసి చూస్తే ఏముంది! మొన్న అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, బిగించేముందు వాటిని పూజలో పెడితే, స్లాట్లో దిగే మెరిసే అంచుకే తడి పసుపు రాసి బొట్టు పెట్టేసింది. రబ్బరుతో రుద్ది పెట్టగానే మెమరీ మొత్తం చూపించింది. ఇక మన పెడన అద్దకం డిజైన్లన్నీ ఎక్కించొచ్చు. మామిడిపిందెల అచ్చు ఒకటి గుడ్డ మీద అద్ది పంపండి. చెల్లికి జ్వరం తగ్గిందా?

ఫోన్లో చెబితే అమ్మ విని నొచ్చుకుంటుందని కార్డు రాస్తున్నాను. అయ్యో, పోస్టుమాన్ కార్డు ఇచ్చేది అమ్మ చేతికే కదా! అమ్మా, కోప్పడకు. శుక్రవారం వచ్చి మళ్ళీ బొట్టు పెట్టు. ఈసారి కంప్యూటర్ పెట్టె మీద.

మీ దుర్గ