పెచ్చూడిన ‘మ’

ప్రియమైన పెన్సిల్,

కంప్యూటర్ ముందు కూర్చున్నా నాకు నువ్వు పెన్సిల్‌వే. బిస్కెట్ ప్యాకెట్ మీద మన ప్రెస్సు కోసం నాన్న చెక్కిన చెక్క అక్షరాలు చూశాను, ‘మ’కి ఊడిన పెచ్చుతో సహా. జ్ఞాపకానికని కాగితం మీద వాటి అచ్చులు తీసుకెళ్ళి కంప్యూటర్ ఫాంటు చేసి అమ్ముకున్నావన్నమాట! ఆ అరుగుదల ఎలా వచ్చిందిరా? సమ్మె పోస్టర్లు కొట్టీ కొట్టీ వచ్చింది. పని చేయకుండానే అరిగినట్టు కనిపించడం ఏం ఫ్యాషన్? చిరుగుల ప్యాంటు కొనుక్కునేవాడూ, చిరిగిన ప్యాంటుకి మాసికేసుకునేవాడూ ఒకటేనా?

ఇక్కడ ఫ్యాక్టరీలో బాయిలర్ పేలింది. చనిపోయినవాళ్ళు ఆ రోజు డ్యూటీలోనే లేరంటోంది యాజమాన్యం. వాళ్ళ పేర్లతో పోస్టర్ వేయమని యూనియన్ వాళ్ళు వచ్చారు. మీ బావ మెషిన్ తుడుస్తున్నాడు.

కోపంతోనే,
ప్రెస్ అక్క

---

ప్రియమైన అక్కకి,

తిట్లకి కూడా పోస్టర్ల పెద్ద టైపే వాడతావు నువ్వు. చెదలు తినకముందే ఆ అక్షరాల్ని దాచాననుకో. ఫాంటు మా కంపెనీ సొంతం. బిస్కెట్ వాళ్ళకి తప్ప ఎవరికీ ఇవ్వరు. నేను జీతగాణ్ణి.

దండం పెడతా, ఆ పోస్టర్‌కి నాన్న అక్షరాలు వాడకు. ఆ పెచ్చు చూస్తే మన ప్రెస్సేనని ఎవరైనా చెప్పేస్తారు. బావ ఆయాసం సంగతి నీకు తెలియనిదా?

భయంతో,
నీ పెన్సిల్

---

తమ్ముడూ,

వాడాను. పేర్లు చిన్న టైపులో వేయడానికి వాళ్ళేమైనా చిన్న మనుషులా?

బాయిలర్ ఎందుకు పేలిందని అడగడానికి రాని పోలీసులు, పోస్టర్ ఎవరు వేశారని అడగడానికి జీపేసుకుని వచ్చారు. ఫ్యాక్టరీ మీద పుకార్లు పుట్టించారని కేసు. బావని తీసుకెళ్ళారు. సొరుగు లాగి ‘మ’ చెక్కనీ పట్టుకెళ్ళారు. ఆయాసం మందు లోపలికి పంపనివ్వడం లేదు.

“వాళ్ళ దగ్గరున్న సాక్ష్యం ఆ పెచ్చొక్కటేనమ్మా. కానీ అది చాలు. అలాంటి ‘మ’ ఇంకే ప్రెస్సులోనూ లేదు” అంది లాయరమ్మ.

నువ్వు చెప్పిందే నిజమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

అక్క

---

ప్రియమైన అక్కకి,

ఉద్యోగం ఊడింది. ఫాంటుని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చని నెట్‌లో పెట్టేశాను. కేసు వేస్తామంటోంది కంపెనీ. మా నాన్న అక్షరం మీద మీకు హక్కెక్కడిదో కోర్టులోనే చెప్పండన్నాను.

తిట్టాలనుంటే తిట్టు. కానీ లాయరమ్మని ఒకసారి వీధిలోకి వెళ్ళి గోడలు చూడమను.

నీ పెన్సిల్

---

ప్రియమైన పెన్సిల్,

బావ ఇంట్లో ఉన్నాడు. గొంతు పీలగా ఉంది, వెటకారం మాత్రం తగ్గలేదు.

కోర్టులో లాయరమ్మ బల్ల మీద సబ్బు డబ్బా, సెలూన్ కరపత్రం, బట్టల కొట్టు సంచీ పరిచింది. అన్నిటి మీదా అదే ‘మ’, అదే పెచ్చు. చివరికి ఫ్యాక్టరీ వాళ్ళ కొత్త పోస్టర్ తీసింది: “మీ భద్రతే మా బాధ్యత.” రెండు చోట్లా అదే పెచ్చు!

“మరి దీన్నీ ఈయనే వేశాడా?” అని అడిగాడు జడ్జి. ఆ పెచ్చు సాక్ష్యం కాదని బావని వదిలేశాడు.

నీ దొంగ అరుగుదల మీద నా మాట మారలేదు. వాదన ఉంది, ఇంటికొచ్చాక తేల్చుకుందాం. బాయిలర్ మీద మాత్రం ఇంకా కేసు లేదు. అందుకే మళ్ళీ పోస్టర్ వేస్తున్నాం. ‘మ’ చెక్క పోలీసులు తిరిగివ్వలేదు. నీ ఫాంటులోంచే ఒకటి చెక్కించి పట్టుకురా.

పెచ్చు మాత్రం పూడ్చకు.

నీ అక్క